ఉమ్మడి గోడ: ఇంగ్లండు వ్యవసాయ కూలీల జంట ఇళ్ల చరిత్ర

ఇంగ్లండు పల్లెల్లో రోడ్డు వారన, పొలాల అంచున తరచుగా కనిపించే కట్టడం ఒకటుంది. ఒకే కప్పు కింద రెండు ఇళ్లు, నడుమ ఒక ఉమ్మడి గోడ, ఆ గోడ మీదుగా పైకి లేచిన ఒకే పొగగొట్టం. ఎడమ ఇంట్లో మెట్లు ఎడమవైపు ఉంటే కుడి ఇంట్లో కుడివైపు ఉంటాయి, తక్కినదంతా ఒకటే. పద్దెనిమిదో శతాబ్దం ద్వితీయార్ధం నుంచి ఇరవయ్యో శతాబ్దం నడుమ దాకా ఇలాంటి జంట ఇళ్లు వేలల్లో లేచాయి. వీటిలో కాపురమున్నవారు రైతులు కారు. రైతు దగ్గర వారపు కూలికి పనిచేసినవారు: గుర్రాలతో దుక్కి దున్నేవాడు, గొర్రెల కాపరి, పాలు పితికి పశువులను చూసుకునేవాడు, వాళ్ల కుటుంబాలు.

ఈ ఇళ్ల సంగతి అర్థం కావాలంటే అక్కడి సేద్యంలోని మూడు అంతస్తులూ తెలియాలి. పైన వేల ఎకరాల ఎస్టేటు ఉన్న భూస్వామి. నడుమ కౌలు రైతు. తెలుగునాట కౌలు రైతు అంటే బక్కరైతు గుర్తొస్తాడు గాని, ఇంగ్లండు కౌలు రైతు వందల ఎకరాలు చేసే, చేతిలో పెట్టుబడి ఉన్న మనిషి. అట్టడుగున కూలి. ఇల్లు కట్టించేది సాధారణంగా భూస్వామి. అందులో ఎవరుండాలో తేల్చేది చాలాచోట్ల రైతు. అద్దె కట్టేది కూలి. ఇంటి నుంచి ముగ్గురికీ కావలసింది ఒకటి కాదు. జంట ఇంటి కొలతలు, గదుల సంఖ్య, చివరికి అది ఊళ్లో ఉందా పొలంలో ఉందా అన్నది కూడా ఈ ముగ్గురి అవసరాల మధ్య బేరంలో తేలినవే. ఆ బేరంలో మూడోవాడి మాట చెల్లిన సందర్భాలు తక్కువ.

మొదట చట్టం సంగతి. 1589లో, మొదటి ఎలిజబెత్ రాణి కాలంలో, నాలుగెకరాల భూమి జతచేయకుండా ఎవరూ కొత్త కుటీరం కట్టరాదనీ, ఒక కుటీరంలో ఒక్క కుటుంబానికి మించి ఉండరాదనీ శాసనం వచ్చింది. చదివితే పేదవాడికి భూమి ఇప్పించే చట్టంలా ఉంటుంది. భూమి లేనివాడికి మాత్రం అది ఇల్లు లేకుండా చేసే చట్టం. 1601 నాటి పేదల చట్టం ప్రకారం ప్రతి పారిష్, అంటే ఒక చర్చి పరిధిలోని ఊరు, తన పేదలను తానే పోషించాలి. ఆ ఖర్చుకు ఊళ్లోని భూముల మీద, ఇళ్ల మీద పన్ను వేయాలి. 1662 చట్టం ఎవరు ఏ ఊరివారో, ఎవరిని వారి సొంత ఊరికి తిప్పి పంపవచ్చో నిర్ణయించింది. దీంతో ఊళ్లో ఒక ఇల్లు నిలిచి ఉండడమంటే రేపు కరవులోనో, జబ్బులోనో, ముసలితనంలోనో పోషించవలసిన ఒక కుటుంబం ఉండడం. ఇల్లు కూలిస్తే ఆ భారమూ పోతుంది. నాలుగెకరాల చట్టాన్ని 1775లో రద్దు చేశారు. ఇల్లు కూలిస్తే పన్ను తగ్గుతుందన్న లెక్క మాత్రం మరో తొంభై ఏళ్లు చలామణిలోనే ఉంది.

అదే కాలంలో పార్లమెంటు వేలకొద్దీ చట్టాలతో ఊరుమ్మడి బీళ్లకు, పొలాలకు కంచెలు వేయించింది. బీడు అంచున గుడిసె వేసుకుని, ఒక ఆవును మేపుకుని, ఎండుపుల్లలు ఏరుకుని బతికినవాడికి అవన్నీ పోయి కూలి ఒక్కటే మిగిలింది. తన ఇల్లు తాను కట్టుకునే చోటు కూడా పోయింది. ఇక ఇంకెవరో కట్టిస్తేనే ఇల్లు.

ఆ కట్టించడం తొలి రోజుల్లో ఊళ్లను పెకలించిన చోటనే ఎక్కువగా కనిపిస్తుంది. ఆక్స్‌ఫర్డ్ దగ్గర న్యూనెమ్ కోర్ట్నీలో 1760 ప్రాంతంలో ఎర్ల్ హార్‌కోర్ట్ కొత్త భవంతి కట్టుకున్నాడు. కిటికీలోంచి చూస్తే పచ్చిక కనిపించాలి గాని ఊరు కనిపించకూడదు. పాత ఊరిని తీయించి, ఆక్స్‌ఫర్డ్ వెళ్లే రహదారికి ఇరువైపులా ఒకే కొలతలో ఇటుక జంట ఇళ్లు వరుసగా కట్టించాడు. గోల్డ్‌స్మిత్ 1770లో ప్రచురించిన 'ది డెజర్టెడ్ విలేజ్' కావ్యానికి ఈ ఊరే ప్రేరణ అని పలువురు పరిశోధకులు భావిస్తారు.

డోర్సెట్ కౌంటీలోని మిల్టన్ అబ్బస్ కథ ఇంకా పొడుగు. అక్కడ పాత మఠపు చర్చిని ఆనుకుని మిడిల్టన్ అనే చిన్న పట్టణం ఉండేది. వంద పైచిలుకు ఇళ్లు, సంత, పూటకూళ్ల సత్రాలు, పదహారో శతాబ్దం నాటి బడి. జోసెఫ్ డేమర్ 1752లో ఆ ఎస్టేటు కొన్నాడు. తరువాత లార్డ్ మిల్టన్ అయ్యాడు, చివరికి ఎర్ల్ ఆఫ్ డార్చెస్టర్ అయ్యాడు. మఠం స్థలంలో తన భవంతికి విలియం చేంబర్స్‌ను, చుట్టూ నేలను తీర్చిదిద్దడానికి 'కేపబిలిటీ' బ్రౌన్‌గా పేరుపడ్డ లాన్సెలాట్ బ్రౌన్‌ను పిలిపించాడు. పట్టణం అడ్డమనిపించింది. ఒక్కో ఇంటి లీజు తీరేదాకా ఆగో, కొనేసో, ఇరవై ఏళ్ల కాలంలో పట్టణాన్ని కూల్చుకుంటూ వచ్చాడు. విలియం హారిసన్ అనే న్యాయవాది తన లీజు వదులుకోనన్నాడు. పైనున్న పాత చెరువు తూములు ఎత్తించి అతని ఇంటి మీదికి నీళ్లు వదిలించారని, హారిసన్ దావా వేసి గెలిచాడని అక్కడి స్థానిక చరిత్ర చెబుతుంది. కుర్రాళ్ల అల్లరి భవంతి దాకా వినిపిస్తున్న బడిని పార్లమెంటు చట్టం ద్వారా 1785లో బ్లాండ్‌ఫర్డ్‌కు తరలించారు. అల్లరి పిల్లల కోసం పార్లమెంటు చట్టం చేయించగలిగిన మనిషికి కూలీల ఇళ్లు ఒక లెక్కా!

కొత్త ఊరు 1780 ప్రాంతంలో పక్క లోయలో, భవంతి కంటపడని చోట లేచింది. ఏటవాలు వీధి ఒక్కటే. దానికి రెండువైపులా మట్టిగోడలతో, గడ్డికప్పుతో, ఒకే మూసలో 30 పైచిలుకు కట్టడాలు. ఒక్కో దాంట్లో రెండు కుటుంబాలు. ఇంటి ముందు పచ్చిక, కట్టడానికీ కట్టడానికీ నడుమ ఒక గుర్రపు చెస్ట్‌నట్ చెట్టు. వీధి నడుమ కొత్త చర్చి, దానికెదురుగా పాత పట్టణం నుంచి ఊడదీసి తెచ్చి మళ్లీ నిలబెట్టిన వృద్ధాశ్రమం. చర్చి 1786 నాటికి సిద్ధమైంది. కూలిన ఇళ్లెన్ని, లేచినవెన్ని అని చూస్తే అందరికీ చోటు దొరకలేదన్నది స్పష్టం. దొరికినవారికి కూడా సంత లేదు, దుకాణాల వీధి లేదు, పట్టణపు బతుకుతెరువులు లేవు. ఎస్టేటు పనే దిక్కు. నేడు మిల్టన్ అబ్బస్ ఇంగ్లండులోని అందమైన ఊళ్లలో ఒకటిగా క్యాలెండర్లకెక్కుతుంది. ఆ అందం ఒకే చేతి గీతలోంచి వచ్చింది, ఆ చెయ్యి ఊరివాళ్లది కాదు. చెస్ట్‌నట్ చెట్లు పెరిగి పెరిగి ఇళ్లకే ముప్పు కావడంతో 1953లో వాటిని కొట్టేశారు.

భూస్వాముల కంటి ఇంపుకోసం కాక, కూలివాడి అవసరం నుంచి ఇంటిని ఆలోచించినవారు అదే కాలంలో ఇద్దరు కనిపిస్తారు. ఒకరు నథానియెల్ కెంట్, నార్‌ఫోక్ ఎస్టేట్ల వ్యవహారాలు ఎరిగిన భూమి నిపుణుడు. 1775లో భూస్వాములను ఉద్దేశించి రాసిన పుస్తకంలో, గుర్రాల సాలలకు, వేటకుక్కల దొడ్లకు పెట్టే శ్రద్ధ కూలీల ఇళ్ల మీద పెట్టడం లేదనీ, వాటిని ఆస్తికి తగిలిన గుదిబండల్లా చూస్తున్నారనీ నిష్ఠురమాడాడు. ఇళ్ల నమూనాలు, ఖర్చుల అంచనాలు జతచేశాడు. రెండోవాడు జాన్ వుడ్ (ది యంగర్). బాత్ నగరంలో రాయల్ క్రెసెంట్ అనే అర్ధచంద్రాకారపు మేడల వరుస కట్టిన వాస్తుశిల్పి ఇతనే. సంపన్నుల కోసం అంతటి వరుస లేపినవాడు 1781లో కూలీల ఇళ్ల నమూనాల పుస్తకం ఒకటి తెచ్చాడు. అందుకోసం కూలీల ఇళ్లలోకి వెళ్లి చూశాడు, కాపురముంటున్నవారిని అడిగాడు. ఆ ఇంట్లో తానే బతుకుతున్నట్టు ఊహించుకోలేనివాడు దాన్ని సరిగా గీయలేడన్నది అతని మాటల సారం. ఇంటిలోపలి వెడల్పు పన్నెండడుగులకు మించనక్కరలేదని, నేల తడి లేకుండా ఉండాలని, పెరడు ఉండాలని సూత్రాలు పెట్టాడు. వాటిలో ఒకటి ఈ చరిత్రకు ముఖ్యం: ఇళ్లను ఎప్పుడూ జంటగా కట్టాలి. జబ్బో, మరో ఆపదో వస్తే పక్కింటివారు అక్కరకొస్తారన్నది అతను చెప్పిన కారణం.

జంట ఇంటికి అతను చెప్పినదాని కంటే మానవీయమైన కారణం తరువాత వందేళ్ల సాహిత్యంలో అరుదు. ఆ తరువాత వచ్చినవారు చెప్పినవన్నీ ఇటుకల లెక్కలు. ఒక పక్క గోడ మిగులుతుంది, పొగగొట్టం ఒకటి మిగులుతుంది, కప్పుకు రెండు చివరలు తగ్గుతాయి, బావి ఒకటి తవ్వితే చాలు. పొయ్యిలు రెండూ ఉమ్మడి గోడకు వీపులానించి ఉంటే వేడి బయటికి పోదు. మరి నాలుగో, ఆరో ఇళ్ల వరుస కడితే ఇంకా ఆదా కదా? పట్టణంలో అదే చేశారు. పల్లెలో ఒక్కో పొలానికి కావలసినవారు ఇద్దరో ముగ్గురో. గుర్రాలకు తెల్లవారుజామున మేత వేసేవాడు, ఈనే గొర్రె దగ్గర రాత్రంతా కాపుండేవాడు పొలానికి దగ్గరగా ఉండాలి. ఒంటి ఇల్లు ఖరీదు, వరుస అనవసరం. జంట ఆ రెంటికీ నడుమ కుదిరిన కొలత.

గోడ దేనితో అన్నది ఆ ఊరి మట్టి తేల్చేది. డోర్సెట్, డెవన్ ప్రాంతాల్లో బంకమట్టిలోనో సుద్దమట్టిలోనో గడ్డి, నీళ్లు కలిపి కాళ్లతో తొక్కి, చట్రం లేకుండా చేత్తోనే వరుస మీద వరుస పెట్టేవారు. ఒక వరుస ఆరితే గాని మరొకటి పెట్టరు గనక గోడ పూర్తికావడానికి నెలలు పట్టేది. గోడ మందం దాదాపు రెండడుగులు. తెలుగు పల్లెల్లో మట్టిగోడ పెట్టినవారికి ఈ పనిలో కొత్తేమీ లేదు. అక్కడి చలి, వాన మాత్రం వేరు. మట్టిగోడకు మంచి టోపీ, మంచి బూట్లు ఉంటే చాలని డెవన్‌లో సామెత. టోపీ అంటే చూరు బాగా దిగిన గడ్డికప్పు, బూట్లంటే నేలతడి ఎక్కకుండా అడుగున రాతి పునాది. తూర్పు కౌంటీల్లో కర్రచట్రం మధ్య మట్టి, కాట్స్‌వోల్డ్ కొండల్లో సున్నపురాయి, సుద్దనేలల్లో చెకుముకిరాయి. పంతొమ్మిదో శతాబ్దం నడుమ ఈ తేడాలు చెరగడం మొదలైంది. కిటికీ అద్దాల మీద పన్ను 1845లో పోయింది, ఇటుక పన్ను 1850లో, కిటికీల పన్ను 1851లో. రైలు వెల్ష్ పలకరాతిని దేశమంతా మోసింది. ఆ తరువాత కట్టిన జంట ఇల్లు కెంట్‌లో ఉన్నా యార్క్‌షైర్‌లో ఉన్నా ఎర్ర ఇటుక గోడ, నల్ల పలకల కప్పు కావడానికి ఆస్కారం ఏర్పడింది.

నడుమ ఒక అలంకార దశ కూడా నడిచింది. బ్రిస్టల్ దగ్గర బ్లెయిజ్ హామ్లెట్‌లో బ్యాంకరు జాన్ హార్‌ఫర్డ్ కోసం 1811 ప్రాంతంలో జాన్ నాష్ తొమ్మిది కుటీరాలు గీశాడు. ఒకదానిలా మరొకటి ఉండదు. ఎత్తైన పొగగొట్టాలు, వంకరటింకర కప్పులు. ముసలితనంలో పనిమానిన ఎస్టేటు నౌకర్లకు అవి. చూడ్డానికి వచ్చిన పెద్దమనుషుల సంఖ్య, వాటిని చూసి తమ గేటు దగ్గర అలాంటివి ఒకటో రెండో కట్టించుకున్నవారి సంఖ్య పెద్దదే. పొలం కూలీల ఇళ్ల కొరతకు ఈ ముచ్చట వల్ల ఒరిగింది ఏమీ లేదు.

కొరత అసలు రూపం 'మూసిన' ఊళ్లు, 'తెరిచిన' ఊళ్లు అన్న విభజనలో బయటపడింది. ఊరంతా ఒకే భూస్వామిదైతే అతను ఇళ్లు తగ్గించి పేదల పన్నును అదుపులో పెట్టగలడు: అది మూసిన ఊరు. భూమి పలువురి చేతుల్లో ఉన్న తెరిచిన ఊళ్లో చిన్న వ్యాపారులు, తాపీమేస్త్రీలు నాసిరకం గుడిసెలు వేసి అద్దెకిచ్చేవారు. మూసిన ఊరి పొలాల్లో పనిచేసేవారు తెరిచిన ఊళ్లో కిక్కిరిసి కాపురముండి, రోజూ మైళ్లు నడిచేవారు. నార్‌ఫోక్‌లోని కాజిల్ ఎకర్ ఇలాంటి తెరిచిన ఊరిగా, ఆడవాళ్లను పిల్లలను ముఠాలు కట్టి దూరపు పొలాలకు తోలుకెళ్లే మేస్త్రీల ఊరిగా అపకీర్తి పొందింది. ఈ చిక్కుముడికి మూలమైన పన్ను పద్ధతి 1865లో మారింది. ఆ ఏటి చట్టం పేదల ఖర్చును ఒక్కో ఊరి మీద కాక, ఊళ్ల కూటమి అయిన యూనియన్ మొత్తం మీద పరిచింది. ఇల్లు కూల్చినందుకు ఇక లాభం లేదు.

అదే సమయంలో ప్రభుత్వ వైద్యాధికారి జాన్ సైమన్ ఆదేశం మీద డాక్టర్ హెన్రీ జూలియన్ హంటర్ పల్లె ఇళ్లను పరిశీలించాడు. చూసిన 5,375 కుటీరాల్లో 2,195 ఇళ్లకు పడకగది ఒక్కటే. 2,930 ఇళ్లకు రెండు. రెండుకు మించి ఉన్నవి 250. ఈ అంకెలు కార్ల్ మార్క్స్ 'పెట్టుబడి' మొదటి సంపుటంలోకి ఎక్కాయి. తెలుగులో ఆ గ్రంథం చదివినవారికి ఇంగ్లండు పల్లె కుటీరంతో పరిచయం చాలావరకు ఆ పుటల ద్వారానే అయి ఉంటుంది.

హంటర్ లెక్కలకు ముందే కొందరు పెద్ద భూస్వాములు మంచి ఇళ్లు కట్టించడం మొదలుపెట్టారు. వారిలో ఏడో డ్యూక్ ఆఫ్ బెడ్‌ఫర్డ్ ముందువరసలోవాడు. 1849లో రాయల్ అగ్రికల్చరల్ సొసైటీ పత్రికలో తన ఎస్టేటు ఇళ్ల నమూనాలను లేఖతోపాటు ప్రచురించాడు. వోబర్న్ చుట్టూ బెడ్‌ఫర్డ్‌షైర్ పల్లెల్లో, కేంబ్రిడ్జ్‌షైర్‌లోని థార్నీలో, డెవన్‌లోని టావిస్టాక్‌లో ఆ ఇళ్లు నేటికీ గుర్తుపట్టవచ్చు. చాలా ఇళ్ల గోడ మీద చిన్న కిరీటం, దాని కింద 'బి' అక్షరం, కట్టిన సంవత్సరం ఉన్న ఫలకం ఉంటుంది. కార్మికుల ఇళ్ల కోసం 1844లో ఏర్పడిన సంఘానికి పనిచేసిన హెన్రీ రాబర్ట్స్ కూడా పల్లె జంట ఇళ్ల నమూనాలు ఇచ్చాడు; 1851 మహాప్రదర్శనలో విక్టోరియా రాణి భర్త ఆల్బర్ట్ కట్టించి చూపిన నాలుగు కుటుంబాల నమూనా ఇల్లు గీసినవాడూ అతనే. ఆ ఇల్లు ఇప్పుడు లండన్‌లోని కెన్నింగ్టన్ పార్కులో ఉంది.

పల్లె జంట ఇంటి నమూనాలో గదుల అమరిక అప్పటి నుంచి పెద్దగా మారలేదు. కింద ముందుగది: వంట, భోజనం, కూర్చోవడం అన్నీ అందులోనే. వెనక అంట్లు, బట్టలు కడిగే చిన్నగది. ఉత్తరం వైపు చల్లగా ఉండే సామాన్ల అర. పొగగొట్టం పక్కనుంచి మెలిక తిరిగిన ఇరుకు మెట్లు. పైన మూడు పడకగదులు. ఈ మూడు అన్న సంఖ్య మీద ఆనాటివారికి పట్టుదల ఎక్కువ: తల్లిదండ్రులకొకటి, మగపిల్లలకొకటి, ఆడపిల్లలకొకటి. పాదరీలు, ఇన్‌స్పెక్టర్లు రాసిన నివేదికల్లో నేల తడి కంటే, బావిలో మురుగు కంటే, అందరూ ఒకే గదిలో పడుకోవడం వల్ల నీతి చెడుతుందన్న బెంగే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది.

ఖర్చు దగ్గర అందరూ తడబడ్డారు. 1850-51లో ఇంగ్లండంతా తిరిగిన జేమ్స్ కేర్డ్ లెక్కలో కూలివాడి వారపు కూలి సగటున 9 షిల్లింగుల 6 పెన్నీలు. గనులు, మిల్లులు పోటీకొచ్చిన ఉత్తరాన 11 షిల్లింగుల 6 పెన్నీలు, దక్షిణాన 8 షిల్లింగుల 5 పెన్నీలు. ఇంత కూలిలో వారానికి షిల్లింగున్నర అద్దె కట్టడమంటే దాదాపు ఆరో వంతు పోయినట్టే. ఆ అద్దె ఏడాదికి 3 పౌండ్ల 18 షిల్లింగులు. జంటకు 7 పౌండ్ల 16 షిల్లింగులు. జంట ఇంటికి 200 పౌండ్లు అయిందనుకుంటే రాబడి నూటికి నాలుగు కూడా దాటదు, అందులోంచే మరమ్మతులు. కాబట్టి మంచి ఇల్లు కట్టించిన భూస్వామి దాన్ని వ్యాపారంగా కాక, దానంగానో ప్రతిష్ఠగానో చూసుకున్నాడు. లాభం చూసుకున్నవాడు మంచి ఇల్లు కట్టలేదు. కూలి పెరిగితే తప్ప ఈ లెక్క సరిపడదు. అది అప్పట్లో చాలామంది సంస్కర్తలు ఎత్తని మాట.

ఇంటి వెనక పెరడు ఇంటికంటే తక్కువదేమీ కాదు. బంగాళాదుంపలు, క్యాబేజీ, ఒక పంది. ఏడాదంతా ఎంగిలి, తౌడు వేసి పెంచిన పందిని చలికాలంలో కోసి ఉప్పులో ఊరేస్తే నెలల తరబడి కొవ్వుకు, మాంసానికి అదే ఆధారం. జంట ఇళ్లకు చాలాచోట్ల బావి, బట్టలు ఉడకబెట్టే రాగి బాన ఉన్న గది, రొట్టెపొయ్యి ఉమ్మడి. ఎవరు ఏ రోజు బాన వాడుకోవాలన్నది కట్టడి. మరుగుదొడ్డి పెరటి చివర. దాని విషయంలో మేలు చేసినవాడు డోర్సెట్‌లోని ఫోర్డింగ్టన్ పాదరీ హెన్రీ మూల్. కలరా కాలంలో తన చర్చి పరిధిలోని పేదల మధ్య తిరిగిన అతను, పొడిమట్టి చల్లితే మలం వాసన లేకుండా ఎరువవుతుందని గమనించి 1860లో మట్టి మరుగుదొడ్డికి పేటెంటు తీసుకున్నాడు. నీటి కుళాయి లేని పల్లె ఇళ్లలో అది ఇరవయ్యో శతాబ్దంలో కూడా వాడుకలో ఉంది.

ఎంత బాగా కట్టినా ఆ ఇంటికి ఒక లోపం ఉండేది, అది కప్పులో గాని గోడలో గాని కనిపించేది కాదు. ఉద్యోగంతో ముడిపడ్డ ఇల్లు ఉద్యోగంతోనే పోతుంది. కోపంగా ఒక మాట తూలినా, నడుము పడిపోయినా, రైతు చచ్చిపోయి కొత్త రైతు వచ్చినా మూటాముల్లె కట్టవలసిందే. మన పల్లెల్లో కామందు దొడ్లో పాకలో కాపురమున్న పాలేరు స్థితికి ఇది దూరం కాదు. డోర్సెట్‌లో ఏడాది ఒప్పందాలు ఫిబ్రవరి సంతలో కుదిరేవి. పాత పంచాంగపు లేడీ డే, అంటే ఏప్రిల్ 6న, బండ్ల మీద సామాన్లతో కుటుంబాలు కొత్త పొలాలకు తరలేవి. థామస్ హార్డీ 1883లో డోర్సెట్ కూలీల మీద రాసిన వ్యాసంలో ఈ వలసనూ, దాంతోపాటు అంతరిస్తున్న మరో వర్గాన్నీ వర్ణించాడు. వారు మూడు తలకాయల లీజుదార్లు. లీజులో పేర్కొన్న ముగ్గురిలో ఒక్కరు బతికున్నా ఇల్లు వారిది. మూడోవాడు పోయిన రోజున ఎస్టేటుది. హార్డీ పుట్టిన మట్టిగోడల ఇల్లు కూడా అలాంటి లీజు మీదిదే. 1891 నాటి అతని 'టెస్' నవలలో తండ్రి చనిపోగానే కుటుంబం వీధిన పడేది ఈ షరతు వల్లనే.

ఇల్లు ఎవరిదన్న ప్రశ్న కూలీల ఉద్యమాల నడకనూ మార్చింది. మిల్టన్ అబ్బస్‌కు దక్షిణాన కొద్ది మైళ్ల దూరంలో టోల్‌పడిల్ ఉంది. 1833-34లో జార్జ్ లవ్‌లెస్, అతని తోటి కూలీలు అక్కడ థామస్ స్టాండ్‌ఫీల్డ్ కుటీరం పైగదిలో సమావేశమై సంఘం పెట్టుకున్నారు. రహస్య ప్రమాణం చేశారన్న నేరం మీద ఆరుగురిని ఆస్ట్రేలియాకు ద్వీపాంతరం పంపారు. దేశమంతా గోలపెట్టడంతో 1836లో క్షమించారు. శతాబ్ది సందర్భంగా 1934లో కార్మిక సంఘాల కాంగ్రెస్ అక్కడ కట్టించిన స్మారకం విగ్రహం కాదు, వృద్ధ వ్యవసాయ కూలీల కోసం ఆరు కుటీరాలు. వార్విక్‌షైర్‌లో 1872 ఫిబ్రవరి 7న వెల్స్‌బర్న్ ఊళ్లో ఒక చెట్టు కింద కూలీల సభలో మాట్లాడి, ఆ ఏడే జాతీయ వ్యవసాయ కూలీల సంఘం స్థాపించిన జోసెఫ్ ఆర్చ్ సంగతీ అంతే. బార్‌ఫర్డ్‌లో అతను ఉన్న ఇల్లు కుటుంబానికి సొంతం. భూస్వామికి గాని రైతుకు గాని అతన్ని వెళ్లగొట్టే దారి లేదు. 1874లో తూర్పు కౌంటీల రైతులు సంఘసభ్యులకు పని నిరాకరించినప్పుడు తక్కిన కూలీలకు ఆ ధీమా లేదు.

1870ల చివర నుంచి అమెరికా గోధుమ చవగ్గా దిగి ఇంగ్లండు సేద్యం దెబ్బతింది. ఎస్టేట్లు కొత్త ఇళ్లు కట్టడం తగ్గించాయి. భూస్వామి చెయ్యి వెనక్కి తీసుకున్న చోట స్థానిక ప్రభుత్వం మెల్లగా చెయ్యి పెట్టింది. 1890 నాటి గృహనిర్మాణ చట్టం ఆధారంగా పల్లెలో తొలి కౌన్సిల్ ఇళ్లలో కొన్ని అదే దశకంలో సఫోక్‌లోని ఇక్స్‌వర్త్‌లో లేచాయి. మొదటి ప్రపంచయుద్ధం ముగిసేముందు, 1918లో, రేమండ్ అన్విన్ ఆలోచనల ముద్ర గట్టిగా ఉన్న ట్యూడర్ వాల్టర్స్ నివేదిక వచ్చింది: పట్టణంలో ఎకరాకు పన్నెండు ఇళ్లు, పల్లెలో ఎనిమిది, మూడు పడకగదులు, లోపలే స్నానానికి ఏర్పాటు, వెలుతురు పడేలా వెడల్పైన ముఖభాగం. మరుసటి ఏడు క్రిస్టఫర్ అడిసన్ తెచ్చిన చట్టం కేంద్రం డబ్బుతో కౌన్సిళ్ల చేత ఇళ్లు కట్టించింది. ఊరి చివర వరుసగా నిలిచిన కౌన్సిల్ జంట ఇళ్లు అప్పటివే. గదుల అమరికలో డ్యూక్ ఇంటికీ కౌన్సిల్ ఇంటికీ దగ్గరి చుట్టరికం ఉంది. తేడా ఏమిటంటే కూలి మానేసినా అద్దె కడుతున్నంత కాలం అందులో ఉండవచ్చు. రెండో యుద్ధం తరువాత ఇటుకలకూ మేస్త్రీలకూ కరవొచ్చినప్పుడు లీడ్స్‌కు చెందిన ఎడ్విన్ ఏరీ రూపొందించిన కాంక్రీటు పలకల ఇళ్లు సుమారు 26,000 లేచాయి. పల్లెల్లో అవి జంటలే. 1980ల్లో వాటి స్తంభాల్లోని ఉక్కు తుప్పుపట్టి కాంక్రీటు చిట్లుతున్నట్టు తేలి, ప్రభుత్వం వాటిని లోపభూయిష్ట ఇళ్ల జాబితాలో చేర్చింది. తొక్కిన మట్టి గోడలు అప్పటికి రెండు వందల ఏళ్లుగా నిలిచే ఉన్నాయి.

పొలంలోని పాత జంటల సంగతి వేరే దారి పట్టింది. మొదటి యుద్ధం తరువాత ఎస్టేట్లు పెద్దఎత్తున అమ్ముడుపోయి, పొలాలను చాలావరకు కౌలు చేస్తున్న రైతులే కొన్నారు. దీంతో కూలీకి పని ఇచ్చేవాడు, ఇంటి యజమాని ఒక్కరే అయ్యారు. ముడి ఇంకా బిగిసింది. కూలీల సంఘం దశాబ్దాల పాటు అడిగినదానికి 1976 నాటి వ్యవసాయ అద్దె చట్టం జవాబు: కొంతకాలం పనిచేసినవాడిని పని పోయినంత మాత్రాన ఇంట్లోంచి వెళ్లగొట్టరాదు, రైతుకు ఆ ఇల్లు కొత్త పనివాడికి నిజంగా అవసరమైతే, స్థానిక కౌన్సిల్ పాతవాడికి మరో ఇల్లు చూపడానికి ప్రయత్నించాలి. అవసరం నిజమా కాదా అని చెప్పడానికి ప్రాంతీయ సలహా కమిటీలు ఏర్పడ్డాయి. చట్టం వచ్చేసరికి సమస్యే సగం కరిగిపోయింది. ట్రాక్టరు, కోతయంత్రం వచ్చి ఆరుగురు చేసే పనికి ఒకరు సరిపోయారు. ఖాళీ అయిన జంటలను పట్టణంవారు కొన్నారు. రెండిళ్లనూ కలిపి ఒకటి చేసుకున్నారు. రక్షిత కట్టడాల జాబితాలో ఉన్నదైతే ఉమ్మడి గోడలో గుమ్మం తెరవడానికి నేడు కౌన్సిల్ అనుమతి కావాలి.

కలిపేసిన జంటను గుర్తుపట్టడం కష్టం కాదు. మూసేసిన రెండో గుమ్మం అతుకు గోడలో కనిపిస్తుంది. పొగగొట్టం ఇంటి నడుమ అవసరానికి మించి లావుగా ఉంటుంది. ఎవరున్నారో తెలుసుకోవడానికి కాగితాలున్నాయి. చర్చికి చెల్లించే దశమభాగపు పన్ను మీద వచ్చిన 1836 చట్టం కింద గీసిన పటాల్లో ప్రతి ఇంటికీ నంబరు, పక్కన యజమాని, అనుభవదారు పేర్లు. 1910లో మొదలైన భూమి విలువ సర్వే పుస్తకాల్లో అద్దె ఎంత, మరమ్మతు ఎవరిది, ఇల్లు ఏ స్థితిలో ఉందో రాసి ఉంటుంది. అవి లండన్ శివార్లలోని క్యూ జాతీయ పత్రాలయంలో ఉన్నాయి. 1841 నుంచి 1921 దాకా పదేళ్లకోసారి జనగణన ఇంటింటి మనుషుల పేర్లు, వయసు, వృత్తి ఇస్తుంది. ఉమ్మడి గోడకు ఇటు గుర్రాలవాడు తొమ్మిదిమందితో, అటు ముసలి గొర్రెల కాపరి ఒక్కడూ ఉన్నట్టు తేలేది అక్కడే. 1931 జనగణన పత్రాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల గణన జరగలేదు. ఆ ఖాళీని కొంత పూడ్చేది 1939 సెప్టెంబరు 29 నాటి జాతీయ రిజిస్టరు. తరువాతిది 1951 జనగణన. వందేళ్ల గోప్యత నియమం ప్రకారం దాని ఇంటివారీ పత్రాలు 2052 దాకా తెరవరు.